తూర్పు కిటికీ ఎండ

"గంటన్నర టైమిస్తున్నా బావా. ఆ తర్వాత ఈ తాళానికి మళ్లీ సీలు పడుతుంది. రేపు పదింటికి ముసలాయన కోర్టు బోనులో ఉంటాడు."

లక్క ముద్రను గోటితో గీకుతూ అన్నాడు ఇన్‌స్పెక్టరు. డిటెక్టివ్ వాచీ చూసుకున్నాడు. నాలుగూ నలభై. అతనికి కావలసింది టైము కాదు, ఎండ. నిన్నంతా వాన. ఇవాళ మధ్యాహ్నం దాకా మబ్బు. ఇప్పుడిప్పుడే ఆకాశం విడుతోంది.

ఇన్‌స్పెక్టరు అతని భార్యకు స్వయానా తమ్ముడు. ఆవిడ రెండేళ్లుగా ఆ తమ్ముడింట్లోనే ఉంటోంది. డిటెక్టివ్‌ను డిపార్టుమెంటు నుంచి సాగనంపిన కాగితం మీద సాక్షి సంతకాల్లో తమ్ముడిదీ ఒకటి ఉంది. అయినా బావా అని పిలవడం మానలేదు. ఆ పిలుపులో ఎంత కారం కలపాలో అతనికి బాగా తెలుసు. డిపార్టుమెంటులో ఉన్నన్నాళ్లూ డిటెక్టివ్‌ను అందరూ 'మేకు' అనేవారు, ఒకసారి దిగితే ఊడడని. చివరికి మేకును పీకిన పట్టకారు ఈ బావమరిదే.

తలుపు తెరుచుకుంది. లోపల తడి సున్నం వాసన.

చనిపోయినవాడు పాత కట్టడాల ఇంజనీరు. నూట అరవై ఏళ్ల ఈ చర్చిలో ఏ గోడ ఎంత దెబ్బతిందో కొలిచి నివేదిక రాయడానికి వచ్చాడు. పొద్దస్తమానం టేపు పట్టుకుని తిరిగేవాడు కాబట్టి అందరూ కొలతలాయన అనేవారు. బుధవారం, అంటే నిన్న, మధ్యాహ్నం మూడింటికి ఆయన శవం బలిపీఠం మెట్ల కింద కనిపించింది. తల వెనకభాగం మెట్టు అంచుకు తగిలి పగిలింది.

నిచ్చెన మీద నుంచి పడ్డాడనుకుందామంటే నిచ్చెన అక్కడ లేదు. ఆర్గన్ పెట్టె వెనక, దాని కొక్కేలకు, ఎప్పుడూ ఉండే చోటే తగిలించి ఉంది. చచ్చినవాడు లేచి నిచ్చెన సర్దడు. కొత్తవాళ్లకు ఆ కొక్కేలు ఎక్కడున్నాయో తెలియదు.

శవాన్ని చూసి పోలీసులకు ఫోను చేసింది గంటల తాత. తలుపులు తీయడం, ఊడ్చడం, పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ గంట కొట్టడం ఆయన పని. నలభై ఏళ్లుగా అదే పని, అంతకు ముందు ఆయన తండ్రిది. చర్చి పక్క గోడకు ఆనించి కట్టిన రెండు గదుల ఇంట్లో కూతురితో ఉంటాడు. ఆ రెండు గదులను పడగొట్టాలని కొలతలాయన నివేదికలో రాశాడు. వాటి స్నానాల గది తడి వల్లే చర్చి గోడ చెడుతోందట. ఇన్‌స్పెక్టరుకు కారణం అక్కడ దొరికింది.

ఇక వేళ. చల్లటి రాతి కట్టడం కాబట్టి ఇంతకన్నా కచ్చితంగా చెప్పలేనంటూ డాక్టరు ఒక లెక్క చెప్పాడు: శవం దొరకడానికి ఇరవై నుంచి ముప్పై ఆరు గంటల ముందు. అంటే మంగళవారం తెల్లవారుజాము నుంచి రాత్రి ఏడు లోపు. కొలతలాయన ఆ రోజు ఆరున్నరకు లాడ్జి వదిలాడు. ఏడింటికి తాత తలుపు తీశాడు. ఆ తర్వాత కొలతలాయనను చూసినవాళ్లు లేరు. పని చేసేటప్పుడు ఫోను లాడ్జిలోనే పడేసి వచ్చే అలవాటు. మధ్యాహ్నానికి డబ్బా కట్టుకుని పైకప్పు దూలాల మధ్యకు ఎక్కాడంటే రోజంతా దిగడు. చర్చి పాస్టరు గారు సోమవారం నుంచి వేరే ఊళ్లో సమావేశంలో ఉన్నారు, దానికి నలభై మంది సాక్షులు.

అంత పెద్ద రోజును ఒక్క పొద్దుటి గంటకు కుదించింది చనిపోయినవాడి నోటు పుస్తకమే. ఆఖరి పేజీలో ఆఖరి రెండు వాక్యాలు. డిటెక్టివ్ వాటిని కాపీ చేయించుకుని జేబులో పెట్టుకున్నాడు.

'తూర్పు కిటికీ ఎండ మూడో మెట్టు దాటి కిందికి దిగుతోంది. పగులు ఈ వెలుతురులోనే తేటగా కనిపిస్తోంది, ఇప్పుడే కొలవాలి.'

తూర్పు కిటికీలో ఎండ అంటే పొద్దున. పొద్దున చర్చిలో ఉన్నది తాత ఒక్కడే. ఇన్‌స్పెక్టరు కేసు అక్కడితో మూసేసి ఇవాళ ఉదయం ముసలాయనను జీపెక్కించాడు. మధ్యాహ్నం ఆయన కూతురు డిటెక్టివ్ ఆఫీసుకొచ్చింది. ముప్పై దాటిన మనిషి, స్కూల్లో గుమస్తా. ఏడవలేదు. నాన్న కాదని నిరూపిస్తే చాలండీ, అని ఒకే ముక్క చెప్పింది.

వాళ్ల వెనకే లోపలికి వచ్చిన పాస్టరు గారు ముందు బెంచీలో కూర్చున్నారు. నిన్న రాత్రే వచ్చారు, ఇంకా నిద్రపోయినట్టు లేదు. డిటెక్టివ్ ఆయన పక్కన కాకుండా ఎదురుగా, మెట్టు మీద కూర్చున్నాడు. మొదట తాత గురించి అడిగాడు. ఎన్నడూ ఎవరితోనూ గొడవ లేదని, తాగడని, గంట ఒక్క నిమిషం అటూ ఇటూ కానివ్వడని పాస్టరు చెప్పారు. కొలతలాయన గురించి అడిగితే, మంచి పనివాడే గాని మనుషుల కంటే గోడల మీద జాలి ఎక్కువన్నారు. తర్వాత డిటెక్టివ్ నోటు పుస్తకంలోని వాక్యం చదివి వినిపించాడు. తూర్పు కిటికీ ఏదని అడిగాడు.

పాస్టరు చెయ్యెత్తి బలిపీఠం వెనక ఉన్న పొడవాటి రంగుటద్దాల కిటికీని చూపించారు. నీలం, ఎరుపు గాజు ముక్కలు సీసపు పట్టీల మధ్య మసకగా ఉన్నాయి.

"ఇందులోంచి ఎండ మీరు రోజూ చూస్తూనే ఉంటారుగా అయ్యగారూ."

"ఎండతో నాకెప్పుడూ పేచీయే. ఆదివారం ఎనిమిదింటి ఆరాధనకు ఇక్కడ జనం వైపు తిరిగి నిలబడతానా, కళ్లు తెరవలేను. పుస్తకంలో అక్షరం కనిపించదు. సగం ప్రార్థన కంఠతా చదవాల్సిందే."

"ఎటునుంచి కొడుతుంది?"

"ఎదురుగా. గుమ్మం మీదున్న ఆ గుండ్రటి కిటికీలోంచి."

ఆ మాట ఆయనకే వినిపించాలని డిటెక్టివ్ ఆగాడు. పాస్టరు గుమ్మం వైపు చూశారు, బలిపీఠం వైపు చూశారు, మళ్లీ గుమ్మం వైపు చూశారు.

"పొద్దుటి ఎండ గుమ్మంలోంచి వస్తే, అయ్యగారూ, తూర్పు ఏది?"

ఆయన నవ్వబోయి మానుకున్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ఈ చర్చి నమూనా ఓడలో వచ్చింది. ఇంగ్లీషు చర్చి ఆచారం ప్రకారం బలిపీఠం తూర్పున, గుమ్మం పడమర గీసి పంపారు. తీరా పునాది తవ్వే వేళకు ఈ స్థలానికి తూర్పున రోడ్డు ఉంది, రోడ్డు అవతల సైన్యం కవాతు మైదానం ఉంది. దొరల బళ్లు గుమ్మం ముందు ఆగాలి. కట్టిన మిలిటరీ ఇంజనీరు నమూనా కాగితాన్ని అటుది ఇటు తిప్పి పెట్టుకుని పని కానిచ్చాడు. కాగితాన్ని తిప్పాడు గాని దాని మీద రాసి ఉన్న పేర్లను తిప్పలేదు. అప్పటి నుంచి రిజిస్టర్లలో, రిపేరు బిల్లుల్లో, గాజు పంపిన కంపెనీ ఉత్తరాల్లో అన్నిట్లోనూ ఇది తూర్పు కిటికీయే.

"మాకు బలిపీఠం ఎటుంటే అటు తూర్పు. ఒక్క ఈ చర్చిలోనే కాదు, ఇలా తిరగేసి కట్టినవి ఇంకా ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ అదే మాట నోట్లో ఉంది. మాట ఉన్నాక ఇక చూడటం మానేస్తాం."

వెనక బెంచీ మీద చెయ్యి ఆనించి వింటున్న ఇన్‌స్పెక్టరు ఫోను తీసి దిక్సూచి తెరిచాడు. ఒకసారి చూసి జేబులో పెట్టేశాడు.

"సరే, కిటికీ పడమరకే ఉంది. అది వీళ్ల వాడుక. పోయినవాడు పైనుంచి వచ్చిన చదువుకున్న ఇంజనీరు. ఆయన తూర్పంటే తూర్పే. నిజమైన తూర్పున ఉన్న గుండ్రటి కిటికీ గురించి రాశాడు. నీకు కథ కావాలి బావా, నాకు కేసు కావాలి."

"గుమ్మం దగ్గర మెట్లెక్కడున్నాయి? మూడో మెట్టు అని రాశాడుగా."

"వరండా మెట్లు."

"వరండా మెట్లు బయటున్నాయి. బయట మెట్ల మీద ఎండ పడటానికి కిటికీ ఎందుకు?" డిటెక్టివ్ లేచి నిలబడ్డాడు. "ఆయన నివేదిక మొదటి పేజీ చదివావా?"

చదవలేదని ఇన్‌స్పెక్టరు మొహమే చెప్పింది. రెండు గదులు పడగొట్టాలన్న పేజీ దొరకగానే అతను మిగతాది అవతల పెట్టేశాడు. మొదటి పేజీలో, చర్చి పేరు కింద, సన్నటి అక్షరాల్లో ఉంది: ఈ నివేదికలో దిక్కులన్నీ చర్చి వాడుక ప్రకారం, దిక్సూచి ప్రకారం కాదు. పాత చర్చీలు కొలిచేవాళ్లంతా అలాగే రాస్తారు, లేకపోతే పాత కాగితాలతో లెక్క కలవదు.

"ఇంకోటి. ఎండ దిగుతోంది అన్నాడు. ఈ బలిపీఠం కిటికీలోంచి వచ్చేది పొద్దుటి ఎండ అయితే సూర్యుడు పైకొచ్చేకొద్దీ వెలుగు కిటికీ వైపు వెనక్కి పోతుంది, అంటే మెట్లెక్కుతుంది. ఇందులోంచి వచ్చి మెట్లు దిగేది సాయంత్రం ఎండ. రాసినవాడు చూసి రాశాడు. చదివినవాడు చూడకుండా చదివాడు."

కానిస్టేబుళ్లు ఇద్దరు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు ఆ మాట పడటం ఇన్‌స్పెక్టరుకు నచ్చలేదు. అతని గొంతు తగ్గింది. తగ్గితేనే అతనితో ప్రమాదం.

"ముసలాయనే ఒప్పుకున్నాడు, తెలుసా? చంపావా అంటే నోరు విప్పలేదు. ఈ వాక్యం చదివి, ఇది పొద్దుటి ఎండేనా అని అడిగాను. అవునయ్యా, పొద్దుటిదే అన్నాడు. నా చేత్తో రాసుకున్నాను. నలభై ఏళ్లు ఇక్కడ ఊడ్చినవాడి కంటే నీకెక్కువ తెలుసా?"

"భయపడి అని ఉంటాడు. నీ ముందు కూర్చుంటే నేనూ అంటానేమో."

ఆ జవాబు చురుగ్గా ఉందని డిటెక్టివ్ అనుకున్నాడు. ఆ మాట మీద ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే బాగుండేదని తర్వాత అనుకున్నాడు.

ఐదూ ఐదుకు ఎండ వచ్చింది. ముందు కిటికీలో ఎరుపు వెలిగింది, తర్వాత నీలం. బలిపీఠం గుడ్డ మీద రంగులు మరకల్లా పడ్డాయి. ఐదూ పదికి వెలుగు పై మెట్టు అంచు తాకింది. ఐదుంపావుకు రెండో మెట్టు. డిటెక్టివ్ గడియారం చేతిలో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. ఐదూ ఇరవై నాలుగుకు రంగులు మూడో మెట్టు దాటి కిందికి జారాయి. అదే క్షణంలో ఏటవాలు వెలుతురుకు పక్క గోడ సున్నం మీద వెంట్రుకంత పగులు నల్లగా లేచి కనబడింది, నిలువెత్తు మనిషికి ఇంకో మనిషి ఎత్తు పైన. అంతవరకూ ఆ గోడ నున్నగా ఉంది.

"దీన్ని కొలవడానికే నిచ్చెన వేశాడు," అన్నాడు డిటెక్టివ్. "మంగళవారం ఐదూ ఇరవై నాలుగుకు ఆయన బతికి ఉన్నాడు, చేతిలో పెన్సిలుంది."

జేబులోంచి ఇంకో కాగితం తీసి బావమరిది చేతిలో పెట్టాడు. కంటి ఆసుపత్రి చీటీ. మంగళవారం మూడింటికి గంటల తాత అక్కడ పేరు రాయించుకున్నాడు. నాలుగున్నరకు కళ్లల్లో మందు వేశారు. చూపు మసకబారి, ఎనిమిదింటి దాకా అక్కడి బల్ల మీదే కూర్చున్నాడు. నర్సు సంతకం, డాక్టరు సంతకం, వేళలతో సహా.

ఇన్‌స్పెక్టరు చీటీని రెండుసార్లు చదివాడు. మెట్టు మీది రంగులు చూశాడు. తర్వాత, అతనికి అది ఎంత కష్టమో తెలిసేలా, నెమ్మదిగా అన్నాడు.

"రేపు ముసలాయనను కోర్టుకు తీసుకెళ్లను. విడుదల కాగితం రాస్తాను."

పాస్టరు కళ్లు తుడుచుకున్నారు. డిటెక్టివ్ గోడకు ఆనుకున్నాడు. రెండేళ్లలో మొదటిసారి వెన్ను తేలికైనట్టనిపించింది. ఈ మాట అక్కకు కూడా చెప్పు, అందామనుకున్నాడు. అనలేదు. మరికొంతసేపు ఈ గెలుపును నోట్లోనే ఉంచుకోవాలనిపించింది. ఇన్‌స్పెక్టరు మాత్రం బెంచీ మీద కూర్చుని ఫైలు విప్పి, విడుదల కాగితానికి కావలసిన వివరాల కోసం మొదటి నుంచీ తిరగేయడం మొదలుపెట్టాడు. అరగంట అలా గడిచింది. రంగులు మెట్లు దిగి నేల మీద సాగి పలచబడ్డాయి.

ఆరింటికి గంట మోగింది.

అందరూ తలెత్తారు. ఒక్కో దెబ్బకూ మధ్య సమాన దూరం. పన్నెండు దెబ్బలు. ఇన్‌స్పెక్టరు వేలు ఫైల్లో ఒక పేజీ మీద ఆగిపోయింది.

"ముసలాయన నా స్టేషన్లో ఉన్నాడు. ఇది ఎవరు కొడుతున్నారు అయ్యగారూ?"

కూతురే కొడుతుందన్నారు పాస్టరు, గోపురానికి బయటి నుంచి వేరే తలుపుందని చెప్పారు. తండ్రికి ఒంట్లో బాగా లేనప్పుడల్లా ఆ అమ్మాయేనట. పదేళ్ల వయసు నుంచి చేయి తిరిగిన పని. తాళం చెవి కూడా అప్పుడు ఆమె దగ్గరే ఉంటుంది.

ఇన్‌స్పెక్టరు పేజీ తిప్పి బావకు చూపించాడు. అది ఎదురు వీధిలో వాచీలు బాగుచేసేవాడి వాంగ్మూలం. కేసుకు పనికిరాదని పక్కన పెట్టింది. చర్చిలో ఎవరైనా కొత్తవాళ్లు కనిపించారా అని అడిగితే అతను ఒకే సంగతి చెప్పాడు: నేను గంటను బట్టి గడియారాలు సరిచేస్తాను సార్, అటు చూడను. మంగళవారం సాయంత్రం కూడా ఆరింటికి రోజూలాగే పన్నెండు దెబ్బలు మోగాయి.

"ముసలాయన ఎనిమిదింటి దాకా ఆసుపత్రిలో ఉన్నాడని నువ్వే రుజువు చేశావు బావా. ఐదూ ఇరవై నాలుగుకు ఇంజనీరు నిచ్చెన మీద ఉన్నాడని కూడా నువ్వే రుజువు చేశావు. మరి ఆరింటికి తాళం చెవితో ఇక్కడున్నదెవరు? నిచ్చెన ఏ కొక్కేనికి తగిలించాలో తెలిసినవాళ్లు ఆ ఇంట్లో ఎందరు?"

డిటెక్టివ్‌కు అప్పుడు తట్టింది. ఈ కిటికీలో ఎండ ఏ వేళకు వస్తుందో ఈ ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి, పోలీసు అడిగితే పొద్దుటిదే అన్నాడు. భయపడి అనలేదు. సాయంత్రం అన్నాడంటే తను ఇంటికి పోతాడు, ఇంకొకరు జీపెక్కుతారు. ఒక్క మాటతో ముసలాయన కట్టిన గోడను డిటెక్టివ్ గంటన్నరలో, చేతిలో గడియారం పట్టుకుని, రాయీ రాయీ ఊడబీకాడు.

గంట గోపురం తలుపు మూసుకున్న చప్పుడైంది. ఆమె లోపలికి వచ్చింది. తాళ్లు లాగిన అరచేతులు చీరకు తుడుచుకుంటూ, నాన్నను వదిలేస్తున్నారా అని డిటెక్టివ్‌ను అడిగింది. వదిలేస్తున్నారని చెప్పాడు. ఆమె మొహంలో వెలుగు వచ్చి, అతని కళ్లు చూశాక ఆగిపోయింది.

"మంగళవారం సాయంత్రం గంట కొట్టింది నువ్వేనా అమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె డిటెక్టివ్ వైపే చూస్తూ ఉండిపోయింది. "నాన్న కాదని చెప్పమన్నాను. ఎవరో చెప్పమని అడగలేదు కదండీ."

తర్వాత ఆమె బెంచీ అంచున కూర్చుని అంతా చెప్పింది. కొలతలాయనకు టీ తీసుకొచ్చింది. ఆ రెండు గదుల గురించి ఒక్క వాక్యం తీసేయమని బతిమాలింది. తను పుట్టింది అందులో, అమ్మ పోయింది అందులో. ఆయన నిచ్చెన దిగకుండానే, మీకు నోరుంది, ఈ గోడకు లేదు, దాని తరఫున నేను మాట్లాడాలి అన్నాడు. కనీసం దిగి మాట్లాడండి అని ఆమె నిచ్చెన పట్టుకుని గుంజింది. దిగమనే గుంజాను, అని రెండుసార్లు అంది. పడ్డాక నిచ్చెన ఎప్పుడు తీసుకెళ్లి తగిలించిందో ఆమెకు గుర్తు లేదు. వాడిన వస్తువు దాని చోట పెట్టడం ఆ ఇంట్లో ఊపిరి తీసుకోవడం లాంటిది. మర్నాడు చూపు కుదుటపడ్డాక తండ్రి లోపలికి వచ్చి చూశాడు. కొక్కేల వైపు చూశాడు. కూతురిని ఒక్క మాట అడగలేదు. వెళ్లి ఫోను చేశాడు.

"పడగానే పోయాడా?" డిటెక్టివ్ అడిగాడు. అడగకపోతే బాగుండేది.

"లేదండీ. ఊపిరి ఆడుతోంది. ఏదో అంటున్నాడు కూడా."

"మరి గంట?"

"ఆరవుతోంది. ఆరింటికి గంట మోగకపోతే నాన్నకు ఏమైందోనని వీధిలో అందరూ వస్తారు." ఆమె తన అరచేతులు చూసుకుంది. "ఎవరూ రాకూడదని కొట్టాను."

పాస్టరు మొహం తిప్పుకున్నారు. ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్‌ను పిలిచి మహిళా పోలీసుకు కబురు పెట్టమన్నాడు. ఫైలు మూసి, డిటెక్టివ్ దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి గొంతులో కారం లేదు. అది ఇంకా బాగాలేదు.

"ములాఖత్ ఏడింటి దాకా. విడుదల సంగతి ముసలాయనకు నువ్వే చెప్పు బావా. ఎలా బయటపడ్డానని అడుగుతాడు. అదీ నువ్వే చెప్పాలి."

డిటెక్టివ్ వాచీ చూసుకున్నాడు. ఆరూ ఇరవై. స్టేషనుకు నడిస్తే పావుగంట. ఆటో ఎక్కుతావా అని బావమరిది అడిగాడు. అక్కర్లేదన్నాడు.